నీరసం ఒక్కటే, జబ్బులు వేరు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

వారానికోసారి బడిలో పిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్ర మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. చిన్న తరగతుల పిల్లలకు గులాబీ రంగుది, పెద్ద తరగతుల వారికి నీలం రంగుది. పేరుకు ఐరన్ మాత్రే గానీ, అందులో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా ఉంటుంది. నీలం మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ఆ విటమిన్‌ను మొదటిసారి ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద ఒక తెలుగువాడు. మద్రాసులో చదువుకున్నవాడు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కనివాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు గురించి మన పిల్లలకు చెప్పేటప్పుడు సాధారణంగా మందుల పేర్లు వరసగా చెప్పి ఊరుకుంటాం. ఈ వారం మనం ఆ జాబితాను కాస్త పక్కన పెడదాం. ఆయన జీవితంలో మొదటి నుంచి చివరి దాకా ఒక చిక్కు వెంటాడింది. రోగి పాలిపోయి, బరువు తగ్గి, లేవలేని నీరసంతో వస్తాడు. చూడటానికి ఒకే జబ్బులా ఉంటుంది. లోపల మాత్రం వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకదానికి బతికించే మందు ఇంకొకదానికి చాలదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. వీటిని విడదీయడం ఎలా? ఈ ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో ఎదురుపడలేదు, సొంత ఇంట్లోనే ఎదురుపడింది.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. ఇంట్లో ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరాడు. వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడిలో వేసింది.

చదువు మొదట్లో అబ్బలేదు. రాజమండ్రిలో పరీక్ష తప్పాడు. తల్లి నగలు అమ్మి చదివించింది. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ గట్టెక్కి, ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలని గట్టిగా అనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం కాకపోతే రోగులకు సేవ చేసే చదువైనా చదువుతానని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకుని వెళ్లేవాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే చేతికొచ్చింది. దానితో ప్రభుత్వ వైద్య సేవలో చేరే దారి మూసుకుపోయింది.

ఒక ఇంట్లో మూడు సార్లు

అదే కాలంలో ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకెళ్లింది ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు. తర్వాత సుబ్బారావుకే అది వచ్చింది.

స్ప్రూ వేడి దేశాల్లో ఎక్కువగా కనిపించే పేగుల జబ్బు. చిన్న పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. జిగురుగా, పాలిపోయిన రంగులో విరేచనాలు అవుతాయి. నాలుక ఎర్రగా పూసి మండుతుంది. మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. ఇప్పుడు దీనికి ఫోలిక్ యాసిడ్, యాంటీబయాటిక్ మందులు ఉన్నాయి. అప్పుడు రెండూ లేవు. సుబ్బారావు ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. తర్వాత ఆయన దగ్గరే మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. విరేచనాలు, బరువు తగ్గడం, రక్తం తగ్గడం ఒక్క స్ప్రూలోనే ఉండవు. పేగులకు క్షయ సోకినా అలాగే ఉంటుంది. జిగట విరేచనాలు ముదిరినా, కడుపులో పురుగులు చేరినా దాదాపు అంతే. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనతలోనూ నాలుక మండుతుంది, ఒళ్లు పాలిపోతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు పాడైతే కూడా ఆకలి చచ్చిపోతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, మనిషి సగమైపోతాడు. చూపుకు అన్నీ ఒకే చెట్టు కొమ్మల్లా ఉంటాయి గానీ వేర్లు వేరు.

లండన్ డాక్టరు వదిలిన చిక్కు

వీటిని విడదీయడం ఎంత కష్టమో తెలియాలంటే సుబ్బారావు పుట్టడానికి 40 ఏళ్ల ముందుకు వెళ్లాలి. లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో థామస్ అడిసన్ అనే వైద్యుడు ఉండేవారు. కారణం కనిపించకుండా పాలిపోయి, రోజురోజుకూ బలహీనపడి చనిపోయే రోగుల గురించి ఆయన ఆలోచిస్తూ వచ్చారు. అలాంటి రక్తహీనతకు మూలం వెతుకుతూ చనిపోయిన వారి శరీరాలను పరీక్షిస్తే, కొందరిలో అడ్రినల్ గ్రంథులు పాడై ఉన్నట్టు తేలింది. వాళ్ల చర్మం బతికుండగానే నల్లబడింది కూడా. 1849లో ఆయన మొదటిసారి ఈ సంగతి తోటి వైద్యులకు చెప్పారు. 1855లో పుస్తకంగా వేశారు.

అంటే ఒకదాన్ని వెతకబోతే ఇంకొకటి దొరికింది. అడ్రినల్ గ్రంథుల జబ్బుకు అడిసన్ వ్యాధి అని ఆయన పేరే పెట్టారు. ఆయన మొదట వెతికిన రక్తహీనత వేరే జబ్బని తర్వాత స్పష్టపడింది. అదే పెర్నీషియస్ ఎనీమియా. దానికీ కొందరు ఆయన పేరే వాడారు. ఒకే వైద్యుడి పేరుతో రెండు జబ్బులు, రెండింటిలోనూ అదే నీరసం.

బోస్టన్ రాత్రులు

సుబ్బారావు 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ చేరారు. ప్రయాణానికి మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడలోని సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. స్ప్రూ లాంటి జబ్బుల అంతు చూడాలన్నది ఆయన కోరిక. మద్రాసు పట్టా అక్కడ పెద్దగా పనికిరాలేదు. పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట కూలి పని చేశారు. పగలు చదువు, రాత్రి పని.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తం, మూత్రం లాంటి వాటిలో భాస్వరం ఎంత ఉందో రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించారు. దానికి ఫిస్క్, సుబ్బారావు పద్ధతి అని పేరు. బయోకెమిస్ట్రీ చదివే విద్యార్థులకు ఆ పేరు ఇప్పటికీ పరిచయమే. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత శరీరంలోని ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని గుర్తించగలిగారు. 1930లో పీహెచ్‌డీ పూర్తయింది.

మన కథకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. కంటితో చూసి ఊహించకుండా, కొలిచి తేల్చడం ఆయనకు అలవాటైంది. ఒకేలా కనిపించే రెండు ద్రవాల మధ్య తేడా చెప్పేది కొలత ఒక్కటే.

కాలేయంలో దాగిన రెండు మందులు

1926లో బోస్టన్ వైద్యులు మైనట్, మర్ఫీ ఒక ఆశ్చర్యం చూపించారు. అప్పటిదాకా చావు తప్పదనుకున్న పెర్నీషియస్ ఎనీమియా రోగులు రోజూ కాలేయం ఎక్కువగా తింటే కోలుకుంటున్నారు. వారిద్దరికీ, విపుల్ అనే మరో శాస్త్రవేత్తకూ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయంలో ఏముంది, అది ఎందుకు బతికిస్తోంది అన్నది మాత్రం తెలియలేదు. హార్వర్డ్‌లో సుబ్బారావు కాలేయం సారాన్ని భాగాలుగా విడదీసే పని పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో ఇంకో వైద్యురాలు ఇదే చిక్కుతో తలపడ్డారు. ఆమె పేరు లూసీ విల్స్. 1928 నుంచి బొంబాయిలోనూ, మన నీలగిరుల్లోని కూనూరులోనూ పనిచేశారు. గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనత కనిపిస్తోంది. సూక్ష్మదర్శిని కింద రక్తం అచ్చం పెర్నీషియస్ ఎనీమియా లాగే ఉంది. ఎర్ర కణాలు తక్కువ, ఉన్నవి మామూలు కంటే పెద్దవి. ఈస్టు సారం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. శుద్ధి చేసిన కాలేయం మందు, పెర్నీషియస్ ఎనీమియాకు బాగా పనిచేసేది, ఈ రక్తహీనతకు పనిచేయలేదు. రక్తం ఒకేలా ఉన్నా లోటు ఒకటి కాదని అక్కడే సూచన దొరికింది.

సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. ఆయన బృందంలోని స్టోక్‌స్టాడ్ కాలేయం నుంచి ఒక పసుపు పదార్థాన్ని స్ఫటికాలుగా వేరు చేశారు. పాలకూర లాంటి ఆకుకూరల నుంచి మరికొందరు శాస్త్రవేత్తలు 1941లో గుర్తించి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టిన పదార్థం కూడా ఈ కోవదే. 1945లో లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే నాలుక మంట తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బుకు మందు చేతికొచ్చింది.

పెర్నీషియస్ ఎనీమియా రోగులకూ ఇచ్చి చూశారు. వాళ్లకూ రక్తం పెరిగింది. అక్కడితో ఆగి ఉంటే పెద్ద పొరపాటు జరిగిపోయేది. కొన్ని నెలలు గమనించిన వైద్యులకు వేరే సంగతి కనిపించింది. రక్తం బాగున్నా కొందరికి కాళ్లూ చేతులూ తిమ్మిరి ఎక్కుతున్నాయి, నడక తూలుతోంది, నరాలు దెబ్బతింటున్నాయి. రక్త పరీక్ష బాగుందని చెబుతుంటే రోగి మాత్రం కుంగిపోతున్నాడు. ఆ రోగులకు లోటు ఫోలిక్ యాసిడ్‌ది కాదు. 1948లో అమెరికాలోనూ, ఇంగ్లండ్‌లోనూ వేర్వేరు బృందాలు కాలేయం నుంచి ఎర్రటి స్ఫటికాలుగా వేరు చేసిన బి12 విటమిన్‌ది. ఒకే కాలేయంలో రెండు మందులు ఉన్నాయి. అవి రెండు వేర్వేరు జబ్బులకు జవాబులు.

పాలిపోయిన మరో పిల్లవాడు

పాలిపోయి నీరసపడే పిల్లల్లో ఇంకో జబ్బు వాళ్లు ఉంటారు. అది ల్యుకీమియా, రక్త క్యాన్సర్. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఈ పిల్లలకు మేలు చేయకపోగా జబ్బును పెంచుతున్నట్టు గమనించారు. అయితే ఆ విటమిన్‌కు అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం తయారు చేసిన అమినోప్టెరిన్ ఆయనకు అందింది. మందు వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. అది పూర్తి నివారణ కాదు, కానీ క్యాన్సర్‌కు మందులతో వైద్యం చేయవచ్చన్న నమ్మకం అక్కడ బలపడింది. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

బోదకాలు పురుగుల మీద పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోని ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. 1922లో బయలుదేరినవాడు మళ్లీ స్వదేశం చూడలేదు, శేషగిరి గారిని కలుసుకోలేదు. 1995లో ఆయన శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు వేసింది.

మన ఇంట్లో, మన తరగతిలో

ఈ జీవితం నుంచి బి. మల్లాపురం, బొమ్మిడి చుట్టుపక్కల మన తల్లిదండ్రులు, టీచర్లు తీసుకోగలిగిన పాఠం ఒకటుంది. పిల్లవాడు తరగతిలో కూలబడితే బద్ధకం అంటాం. కాస్త జాలి కలిగితే రక్తం తక్కువ అంటాం. చాలాసార్లు ఆ మాట నిజమే, ఇనుము లోటే మన పిల్లల్లో ఎక్కువ. బడిలో ఇచ్చే మాత్రను మానిపించకండి. అందులోని మోతాదు చిన్నది, మేలు చేసేది. నెలల తరబడి మాత్రలు వేసినా నీరసం తగ్గకపోతే మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి.

దాహం ఎక్కువై, ఊరికే మూత్రానికి లేస్తూ, బరువు తగ్గుతుంటే అది చక్కెర జబ్బు కావచ్చు. ఆ పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఒళ్లు బరువెక్కి, చలి ఎక్కువై, మలబద్ధకం ఉంటే థైరాయిడ్ చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. పాలిపోవడంతో పాటు మళ్లీ మళ్లీ జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మాంసం, గుడ్లు, పాలు అసలు ముట్టని ఇళ్లలో కాళ్లు తిమ్మిరెక్కితే బి12 సంగతి డాక్టరుకు గుర్తు చేయాలి.

అడ్రినల్ గ్రంథుల జబ్బు అరుదు. అరుదు కాబట్టే తప్పిపోతుంది. నీరసం, బరువు తగ్గడంతో పాటు ఉప్పు మీద విపరీతమైన కోరిక, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చిగుళ్లు, అరచేతి గీతలు, పాత మచ్చలు నల్లబడటం దాని గుర్తులు. మన ఒంటి రంగులో ఈ నలుపు తేలిగ్గా కనబడదు. పైగా బి12 లోటులో కూడా వేళ్ల కణుపులు నల్లబడతాయి. అంటే అడిసన్ కాలపు చిక్కు ఇప్పటికీ పోలేదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడటం, రక్తంలో సోడియం, పొటాషియం, పొద్దుటి పూట కార్టిసాల్ పరీక్షలు తేడా చెబుతాయి. ఈ జబ్బు ఉన్న మనిషికి జ్వరమో వాంతులో వచ్చి ఒక్కసారిగా కుప్పకూలితే అది ప్రాణాపాయం, వెంటనే మందు ఎక్కించాలి. ఇంకో మాట. ఉబ్బసానికో, చర్మానికో, కీళ్ల నొప్పులకో ఎక్కువ రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు వాటిని తమంతట తాము ఒక్కసారిగా ఆపకూడదు. లోపలి గ్రంథులు అప్పటికి నిద్రపోయి ఉంటాయి, వాటిని మెల్లగా లేపాలి. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

చివరిగా మన బడులకే చెందిన సంగతి. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం మాట్లాడే కుటుంబాలు మనవి. తమిళంలో మయక్కం అంటే కళ్లు తిరగడమూ అవుతుంది, స్పృహ తప్పడమూ అవుతుంది. తెలుగులో అవి రెండు మాటలు, డాక్టరుకు రెండు వేర్వేరు ఆధారాలు. నాయనమ్మ నీరసం అంటుంది. ఆ ఒక్క మాటలో ఆయాసం, తిమ్మిరి, ఆకలి లేకపోవడం, నిలబడితే తూలడం అన్నీ కలిసిపోతాయి. మనవడు దాన్ని తమిళంలో ఒక్క ముక్కగా డాక్టరుకు చెబుతాడు. అక్కడే సగం సమాచారం పోతుంది. అందుకే తరగతిలో ఒక పీరియడు ఈ మాటలకు కేటాయించమని మన టీచర్లను కోరుతున్నాం. ఒంట్లో కలిగే ఒక్కో బాధకు తెలుగులో ఒక మాట, తమిళంలో ఒక మాట, ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని చెప్పే అలవాటు. సుబ్బారావు ద్రవాలను విడదీసినట్టు, మన పిల్లలు నీరసం అనే మాటను విడదీసి చెప్పగలిగితే, డాక్టరు చేతికి సరైన పరీక్ష, సరైన మందు తొందరగా అందుతాయి.